శరత్కాలపు తెల్లవారుజామున ఏటిమొగ దగ్గర పక్షుల పరిశీలన: సమగ్ర మార్గదర్శి

సూర్యోదయానికి ముందే వెళ్లి నిలబడినా కనుచూపు మేర బురద తప్ప పక్షి జాడ లేదని, కనిపించిన కొద్దిపాటి పక్షులూ చుక్కల్లా దూరంగా ఉన్నాయని చాలామంది చెబుతుంటారు. వారిలో ఎక్కువమంది సరైన వేళకే నిద్ర లేచారు కానీ తేదీని తప్పుగా ఎంచుకున్నారు. ఏటిమొగలో ఆటుపోట్ల లెక్క చూడకుండా కేవలం తెల్లవారుజామును నమ్ముకుంటే ఫలితం అదృష్టం మీదే ఆధారపడి ఉంటుంది. అందువల్ల ఈ మార్గదర్శిలో తేదీ ఎంపికకే ఎక్కువ చోటు ఇచ్చాను.

ఇక్కడ చెప్పిన నెలలు ఉత్తరార్ధగోళానికి వర్తిస్తాయి. ఉదాహరణలుగా తీసుకున్న పక్షులు యూరప్, ఆసియా తీరాల్లో విస్తారంగా కనిపించేవి.

1. తేదీని ఎంచుకోవడం

1.1 పోటు వేళ

ఆటు సమయంలో నీటి అంచు పక్షులు విశాలమైన బురదమేటల మీద చెల్లాచెదురుగా మేస్తాయి. పోటు పెరిగేకొద్దీ మేత నేల మునిగిపోతుంది కనుక అవి కొద్దికొద్దిగా గట్టు వైపు జరుగుతాయి. పోటు నిండిన తరువాత మునగని ఇసుక తిన్నెల మీదో, ఎత్తైన గడ్డి నేలల మీదో గుంపులుగా చేరి విశ్రమిస్తాయి. పక్షులను వెతుక్కుంటూ మనం బురదలోకి దిగడం కన్నా, నీరే వాటిని మన ముందుకు నెట్టుకొచ్చే ఉదయాన్ని ఎంచుకుని ఒకచోట కదలకుండా కూర్చోవడం అన్ని విధాలా మేలు.

ఇందుకు పోటు నిండే వేళ సూర్యోదయం తరువాత రెండు మూడు గంటలకు ఉండాలి. ఉదాహరణకు సూర్యోదయం 6:10కి అయితే, 8:30 నుంచి 9:00 లోపు పోటు నిండే రోజు అనుకూలం. అలాంటి రోజున వెలుతురు పెరగడం, నీరు పెరగడం, పక్షులు దగ్గరకు రావడం ఒకే వరుసలో జరుగుతాయి.

1.2 పెద్ద పోటు, చిన్న పోటు

చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు వస్తాయి. ఒక పోటుకూ తరువాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది కాబట్టి, ఉదయపు పోటు ప్రతి రోజూ సగటున 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పున్నమి దాటిన ఒకటి రెండు రోజులకు పెద్ద పోట్లు, అష్టమి దాటిన ఒకటి రెండు రోజులకు చిన్న పోట్లు వస్తాయి.

చాలామంది గమనించని విషయం ఇంకొకటి ఉంది. ఒక నిర్దిష్ట స్థలంలో పెద్ద పోట్లు ఎప్పుడూ దాదాపు ఒకే గడియారపు వేళకు నిండుతాయి, చిన్న పోట్లు ఆ వేళకు సుమారు ఆరు గంటల తేడాతో నిండుతాయి. పున్నమి నాటి పెద్ద పోటు మధ్యాహ్నం 12 ప్రాంతంలో నిండే ఏటిమొగలో, ఉదయం 6 ప్రాంతంలో నిండేవి అన్నీ చిన్న పోట్లే. అంటే ప్రతి ఏటిమొగకూ దానికంటూ కొన్ని మంచి ఉదయాలు ఉంటాయి. వాటిని ఒకసారి కనిపెడితే సుమారు పదిహేను రోజులకు ఒకసారి దాదాపు అదే పరిస్థితి మళ్లీ ఎదురవుతుంది.

మరీ పెద్ద పోటు విశ్రాంతి స్థలాలను కూడా ముంచేస్తే పక్షులు లోపలి పొలాలకో, చెరువులకో వెళ్లిపోతాయి. మరీ చిన్న పోటు బురదను పూర్తిగా కప్పదు కనుక అవి దూరంగానే ఉండిపోతాయి. నా అభిప్రాయంలో మధ్యస్థానికి కాస్త పైనుండే పోటు అన్నింటికన్నా ఉత్తమం.

1.3 పట్టికను సవరించుకోవడం

ఆటుపోట్ల పట్టికలోని వేళ ఒక రేవుకు సంబంధించినది. ఏటిలోకి పైకి వెళ్లేకొద్దీ పోటు ఆలస్యంగా నిండుతుంది. ఆ తేడాను మీ స్థలంలో ఒకసారి స్వయంగా చూసి రాసుకోవాలి. గడియారాలను వేసవిలో గంట ముందుకు జరిపే దేశాల్లో ఆ గంట పట్టికలో కలిసి ఉందో లేదో కూడా చూడాలి. సముద్రం నుంచి బలమైన గాలి వీస్తున్నప్పుడు నీరు పట్టికలో చెప్పినదాని కన్నా ఎత్తుకు చేరుతుంది. గాలి పీడనం ఒక హెక్టోపాస్కల్ తగ్గితే నీటిమట్టం సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది.

నీరు అన్ని గంటల్లోనూ ఒకే వేగంతో పెరగదు. ఆరు గంటల పెరుగుదలలో మధ్య రెండు గంటల్లోనే దాదాపు సగం ఎత్తు చేరుతుందని స్థూలంగా లెక్కించుకోవచ్చు. పక్షులు అత్యంత వేగంగా చోటు మార్చేది కూడా ఆ సమయంలోనే.

1.4 ఏ నెలలో ఏమి ఆశించాలి

ఆర్కిటిక్ ప్రాంతంలో గూడు కట్టే నీటి అంచు పక్షుల్లో పెద్దవి ముందుగా, ఆ ఏడాది పుట్టిన పిల్లలు తరువాత వలస వస్తాయి. కాబట్టి ఆగస్టులో ఈకలు అరిగిపోయిన పెద్ద పక్షులు, సెప్టెంబరు నాటికి కొత్త ఈకల పిల్ల పక్షులు, అక్టోబరు, నవంబరులలో చలికాలమంతా ఉండిపోయే గుంపులు, వాటితో పాటు బాతులు ఎక్కువగా కనిపిస్తాయి. రకాలు ఎక్కువ కావాలంటే సెప్టెంబరు, సంఖ్యలు ఎక్కువ కావాలంటే అక్టోబరు తరువాత వెళ్లాలి. రాత్రి వాన గానీ ఎదురుగాలి గానీ ఉంటే, దాటిపోవలసిన పక్షులు కిందికి దిగి ఆగే అవకాశం ఉంది.

2. చోటును ముందుగా చూసుకోవడం

ముందు రోజు పట్టపగలు, ఆటు సమయంలో ఒకసారి వెళ్లి రావాలి. చీకట్లో కొత్త చోటు వెతుక్కోవడం ప్రమాదకరం, పైగా ఆ వెతుకులాటలోనే పక్షులు లేచిపోతాయి.

వెళ్లినప్పుడు మూడు చోట్లను గుర్తించాలి: అన్నింటికన్నా చివర మునిగే బురదమేట, చిన్న ఉప్పుటేరు వచ్చి కలిసే మలుపు, పోటు నిండినప్పుడు పక్షులు చేరే విశ్రాంతి స్థలం. మూడవదాన్ని రెట్టల మరకలు, రాలిన ఈకలు పట్టిస్తాయి. మీరు కూర్చునే స్థానం మొదటి రెండింటికి దగ్గరగా, మూడవదానికి దూరంగా ఉండాలి.

తరువాత వెలుతురు. సెప్టెంబరు 22, 23 ప్రాంతంలో సూర్యుడు దాదాపు సరిగ్గా తూర్పున ఉదయిస్తాడు, ఆ తరువాత ఆగ్నేయం వైపు జరుగుతాడు. తూర్పు గట్టున కూర్చుని పడమర వైపు చూస్తే వెలుగు మీ వెనుక నుంచి పడుతుంది. అది వీలుకాకపోతే సూర్యుడు ఒక పక్కన ఉండేలా చూసుకోవాలి. ఎదురు వెలుగులో మెరిసే తడి బురద మీద ఎంత ఖరీదైన స్కోప్ (ట్రైపాడ్ మీద బిగించి ఒక కంటితో చూసే దుర్భిణి) అయినా నల్లటి ఆకారాలనే చూపిస్తుంది.

గట్టు మీద నిలబడితే ఆకాశం ముందు మన ఆకారం స్పష్టంగా కనిపిస్తుంది. గట్టుకు ఇవతలి వాలులో, పొదకో రాతికో ఆనుకుని కూర్చోవడం మంచిది.

3. సామగ్రి

తెల్లవారుజాముకు 8×42 బైనాక్యులర్లు సరిపోతాయి. ఇందులో 8 అంటే ఎన్ని రెట్లు పెద్దదిగా కనిపిస్తుందో, 42 అంటే ముందు కటకం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో తెలుపుతాయి. 42ను 8తో భాగిస్తే కంటికి చేరే వెలుగు వలయం 5.25 మిల్లీమీటర్లు ఉంటుంది. అదే జేబులో పట్టే 8×25లో సుమారు 3 మిల్లీమీటర్లే కనుక, మసక వెలుతురులో ఈ తేడా వెంటనే తెలుస్తుంది.

ఏటిమొగలో దూరాలు ఎక్కువ కాబట్టి స్పాటింగ్ స్కోప్ ఉంటే పరిశీలన స్థాయే మారిపోతుంది. 20–60 రెట్ల ఐపీస్ (కంటి వైపు ఉండే కటకం) ఉన్నా ఎక్కువ సమయం 20 నుంచి 30 మధ్యలోనే వాడాలి. తేలికైన ట్రైపాడ్ గాలికి వణుకుతుంది. మధ్య కడ్డీని పైకి లాగకుండా, కాళ్లను వెడల్పుగా చాచి, కూర్చునే ఎత్తులో బిగించుకోవాలి.

బయలుదేరే ముందు సరిచూసుకోవలసినవి:

☐ బైనాక్యులర్లు, స్కోప్, ట్రైపాడ్
☐ కటకాలు తుడిచే మెత్తని గుడ్డ, గాలి ఊదే రబ్బరు బుడ్డి
☐ చిన్న నోటుపుస్తకం, పెన్సిల్ (తడి కాగితం మీద పెన్ను సరిగా రాయదు)
☐ ఎర్ర కాంతి ఇచ్చే తల టార్చి
☐ పొరలుగా వేసుకునే మట్టిరంగు దుస్తులు, గాలి చొరని పైకోటు, టోపీ
☐ మోకాలి వరకు వచ్చే రబ్బరు బూట్లు
☐ కూర్చోవడానికి నీరు పీల్చని చాప ముక్క
☐ పూర్తిగా ఛార్జ్ చేసిన ఫోను, ఈల, తాగునీరు
☐ ఆ రోజు పోటు, ఆటు, సూర్యోదయ వేళలు రాసిన చీటీ

కదిలినప్పుడల్లా గరగరలాడే ప్లాస్టిక్ కోటును ఇంట్లోనే వదిలేయాలి.

4. భద్రత

ఈ విషయంలో మినహాయింపులు లేవు. బురదమేటల మీదకు నడవకూడదు. పోటు నీరు ఎప్పుడూ ఎదురుగానే రాదు. మన వెనుకనున్న ఉప్పుటేళ్లు ముందుగా నిండి, మనం నిలబడిన తిన్నెను దీవిగా మార్చేస్తాయి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్ని గంటలకు తిరిగి వస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లాలి.

కాలు దిగబడితే బలంగా పైకి లాగకూడదు, ఎందుకంటే ఒక కాలిని లాగే బరువంతా రెండో కాలి మీద పడి అదీ దిగబడుతుంది. వెనక్కి వాలి, బరువును వీలైనంత వెడల్పుగా పరిచి, కాలిని మెల్లగా కదిలిస్తూ తీయాలి. వెంటనే సాయం కోసం ఫోను చేయాలి.

పొగమంచు కమ్మితే గట్టు దాటకూడదు.

5. ఉదయం అడుగడుగునా

5.1 సూర్యోదయానికి 40 నిమిషాల ముందు

స్థానంలో కూర్చుని, సామగ్రి బిగించి, టార్చి ఆర్పేయాలి. వాహనం తలుపులు విసిరి వేయకూడదు. స్కోప్‌ను సంచిలోంచి తీసి బయటి గాలికి అలవాటు పడనివ్వాలి.

ఈ సమయం చెవులది. నీటి అంచు పక్షులు రాత్రిపూట కూడా మేస్తాయి కాబట్టి చీకట్లోనే వాటి పిలుపులు వినిపిస్తాయి. ఏ దిక్కు నుంచి ఏ పిలుపు వచ్చిందో నోటుపుస్తకంలో బాణం గుర్తుతో రాసుకుంటే, వెలుతురు వచ్చాక మొదట ఎటు చూడాలో తెలుస్తుంది. రాత్రి మేతకు వెళ్లిన బాతులు తిరిగి రావడం, రాత్రి నిద్రించిన సముద్రపు గల్‌లు బయలుదేరడం కూడా ఈ వేళలోనే జరుగుతాయి. అవి ఎగురుతూ దాటుతున్నప్పుడే లెక్కించాలి, తరువాత దొరకవు.

5.2 తొలి వెలుగు

ఇప్పుడు కనిపించేవి ఆకారాలు మాత్రమే. పేరు పెట్టడానికి తొందరపడకుండా పరిమాణం, ముక్కు పొడవు, నడక తీరు రాసుకోవాలి. ఈ దశలో ఊహించి పెట్టిన పేరు మనసులో పాతుకుపోయి, పూర్తి వెలుగు వచ్చాక కూడా కళ్లను మోసం చేస్తుంది.

5.3 సూర్యోదయం నుంచి పోటు నిండే వరకు

ముందుగా బైనాక్యులర్లతో ఎడమ నుంచి కుడికి ఒకసారి చూడాలి. తరువాత స్కోప్‌తో మూడు వరుసలుగా చూడాలి: దగ్గరి బురద అంచు, మధ్య భాగం, దూరంగా నీటి గీత. పది పదిహేను నిమిషాలకు ఒకసారి ఇదే క్రమంలో మళ్లీ చూడాలి, ఎందుకంటే నీరు పెరిగేకొద్దీ కొత్త పక్షులు వచ్చి చేరుతుంటాయి.

ఈ రెండు గంటల్లో లేచి చోటు మారకూడదు. ఇరవై నిమిషాల పాటు ఏమీ దగ్గరకు రాకపోయినా సరే, నీరు పెరుగుతున్నంతసేపు కూర్చునే ఉండాలి.

5.4 పోటు నిండాక

పక్షులు ఒంటికాలి మీద నిలబడి, ముక్కును వీపు ఈకల్లో దాచుకుని నిద్రిస్తాయి. లెక్కకు ఇది అనువైన సమయం, గుర్తింపుకు కాదు. వాటి వైపు ఒక్క అడుగు కూడా వేయకూడదు. ఇప్పుడు అనవసరంగా ఎగిరితే వాటికి దిగడానికి వేరే చోటు ఉండకపోవచ్చు, వలసకు కూడబెట్టుకుంటున్న కొవ్వు వృథాగా ఖర్చవుతుంది.

5.5 నీరు తగ్గడం మొదలయ్యాక

చాలామంది ఈపాటికి ఇంటిదారి పడతారు, అది నష్టం. మొదట బయటపడే బురద మన దగ్గరిదే కనుక, ఆకలితో ఉన్న పక్షులు మొదట దిగేది కూడా అక్కడే. గంటన్నర వరకు ఉండగలిగితే దగ్గరగా, మంచి వెలుగులో చూసే అవకాశం దొరుకుతుంది.

6. గుర్తింపు: ఏ వరుసలో చూడాలి

శరత్కాలంలో చాలా పక్షులు సంతానోత్పత్తి కాలపు రంగులు పోగొట్టుకుని బూడిద, గోధుమ రంగుల్లోకి మారుతుంటాయి కాబట్టి రంగును చివరికి వదిలేయాలి. ముందుగా ఒక పక్షిని కొలతగా పెట్టుకోవాలి. 27–29 సెంటీమీటర్ల రెడ్‌షాంక్ అందుకు తగినది: నారింజ ఎరుపు కాళ్లతో సులువుగా దొరుకుతుంది, చాలా ఏటిమొగల్లో ఉంటుంది. మిగతావి దానికన్నా చిన్నవా పెద్దవా అని చూడాలి.

తరువాత ముక్కును తలతో పోల్చాలి. ఆ తరువాత మేత తీరు. గ్రే ప్లోవర్ పొట్టి ముక్కుది, కంటిచూపును నమ్ముకుని వేటాడుతుంది: నాలుగడుగులు పరుగెత్తి, ఠక్కున ఆగి, తల కాస్త వంచి చూసి, వంగి పురుగును పట్టుకుంటుంది, పురుగు తెగిపోకుండా నెమ్మదిగా, సాగదీస్తూ బయటకు లాగుతుంది. డన్లిన్ కుట్టుమిషను సూదిలా బురదను వరుసగా పొడుస్తూ పోతుంది. గాడ్విట్ ముఖం బురదకు తగిలే వరకు ముక్కును దించుతుంది. కర్లూ తన పొడవైన వంపు ముక్కుతో పీతను పట్టుకున్నాక, దాన్ని విదిల్చి కాళ్లు ఊడగొట్టి, మిగిలిన ముద్దను మింగుతుంది. స్కోప్‌లో చూస్తే ఊడిన కాళ్లు పక్కన పడటం కూడా కనిపిస్తుంది.

ఎగిరినప్పుడు రెక్కలు, నడుము మీది తెలుపు చాలా సందేహాలు తీరుస్తుంది:

• రెడ్‌షాంక్: రెక్కల వెనుక అంచున వెడల్పైన తెల్లని పట్టీ
• గ్రీన్‌షాంక్: రెక్కల మీద పట్టీ లేదు, వీపు మీదకు పొడుచుకు వచ్చిన తెల్లని త్రికోణం
• గ్రే ప్లోవర్: రెక్క చంకలో నల్లని మచ్చ
• నల్లతోక గాడ్విట్: రెక్కపై తెల్లని పట్టీ, తోక చివర నలుపు
• చారల తోక గాడ్విట్: రెక్కపై స్పష్టమైన పట్టీ లేదు, తోక నిండా సన్నని చారలు
• కర్లూ శాండ్‌పైపర్: నడుము పూర్తిగా తెలుపు, డన్లిన్‌లో నడుము మధ్యన నల్లని గీత

కర్లూకూ వింబ్రెల్‌కూ తేడా తెలియనప్పుడు తల చూడాలి. వింబ్రెల్ తల మీద ముదురు, లేత పట్టీలు ఉంటాయి, పిలుపు ఒకే స్థాయిలో వేగంగా, సుమారు ఏడు సార్లు వినిపిస్తుంది.

వయసును వీపు ఈకలను బట్టి చెప్పవచ్చు. పిల్ల పక్షి ఈకలన్నీ ఒకేసారి పెరిగినవి కనుక ఒకే విధంగా, లేత అంచులతో, పొలుసులు పేర్చినట్టు చక్కగా ఉంటాయి. పెద్ద పక్షి వీపు మీద అరిగిన పాత ఈకలు, కొత్త బూడిద ఈకలు కలగలిసి అతుకులు వేసినట్టు కనిపిస్తాయి.

7. లెక్కించడం

గుంపులో ఒక చోట పది పక్షులను విడిగా లెక్కపెట్టి, అవి ఎంత చోటు ఆక్రమించాయో కంటితో పట్టుకోవాలి. ఆ పరిమాణంలో గుంపు అంతటా ఎన్ని ముక్కలు వస్తాయో చూడాలి. గుంపు మరీ పెద్దదైతే యాభై లేదా వంద పక్షుల ముక్కలతో లెక్కించాలి. రెండుసార్లు లెక్కించి, రెండింటికీ మధ్య చాలా తేడా ఉంటే మూడోసారి లెక్కించాలి. అంచులో పక్షులు పలుచగా, మధ్యలో చిక్కగా ఉంటాయి కాబట్టి అంచు నుంచి తీసిన కొలత అసలు సంఖ్యను తగ్గించి చూపుతుంది.

8. తరచుగా జరిగే పొరపాట్లు, సవరణలు

కటకం మీద మసక కమ్మడం. నోటితో ఊదడం వల్ల ఇంకా పెరుగుతుంది. రబ్బరు బుడ్డితో గాలి కొట్టి, కొన్ని నిమిషాలు ఆగాలి. ఉప్పు తుంపర, ఇసుక రేణువులు ఉన్నప్పుడు పొడిగా తుడిస్తే కటకం మీద గీతలు పడతాయి.

దృశ్యం అలలుగా వణకడం. ఎండ ఎక్కి బురద వేడెక్కుతోందని అర్థం. రెట్లు తగ్గించి, దగ్గరి పక్షులకు పరిమితం కావాలి. 60 రెట్లకు పెంచితే వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది.

పొగమంచు వదలకపోవడం. గాలి లేని నిర్మల రాత్రి తరువాత పట్టిన మంచు సాధారణంగా ఎండ ఎక్కాక విడిపోతుంది. అప్పటిదాకా పిలుపులు రాసుకోవాలి.

పక్షులు మేత ఆపి తలలెత్తడం. మీరు ఎక్కువ దగ్గరగా ఉన్నారన్నమాట. దగ్గరదగ్గరగా గుమికూడటం, పిలవడం, దూరంగా నడవడం కూడా ఇదే హెచ్చరిక. కదలకుండా ఆగి, తరువాత వంగి మెల్లగా వెనక్కి జరగాలి. కర్లూ వంటి పెద్ద పక్షులు చిన్నవాటి కన్నా చాలా ముందే లేచి, మిగతా గుంపును కూడా లేపుతాయి.

గుంపంతా ఒక్కసారిగా లేవడం. మీ తప్పు కాకపోవచ్చు. పైన డేగ ఉందేమో చూడండి. గుంపు ముద్దగా చుట్టూ తిరుగుతూ, ఒకసారి తెల్లగా ఒకసారి నల్లగా మెరుస్తుంటే దాదాపు ఖాయం.

9. నమోదు, కాలి ఉంగరాలు

ఇంటికి చేరాక కాకుండా, స్థలంలోనే మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ, పోటు స్థితి, గాలి దిశ, వెలుతురు రాయాలి. 2002లో ప్రారంభమైన ఈబర్డ్ వంటి, పక్షుల జాబితాలు సేకరించే ఆన్‌లైన్ వేదికకు జాబితా పంపేటప్పుడు, గుర్తించగలిగిన అన్ని రకాలనూ చేర్చారా లేదా అన్నది నిజాయితీగా తెలపాలి. అరుదైనవాటిని మాత్రమే రాసిన జాబితాతో మామూలు పక్షులు తగ్గుతున్నాయో పెరుగుతున్నాయో తెలియదు.

ఒక్కో పక్షిని విడిగా గుర్తించడానికి పరిశోధకులు కాలికి తొడిగిన రంగు ఉంగరం గానీ, చిన్న జెండా గానీ కనిపిస్తే ఈ క్రమంలో రాయండి:

☐ పక్షి రకం, చూసిన చోటు, తేదీ, వేళ
☐ ఏ కాలు: కుడి ఎడమలు పక్షి వైపు నుంచి చూసి చెప్పాలి, మన వైపు నుంచి కాదు
☐ మోకాలిలా కనిపించే కీలుకు పైనా, కిందనా
☐ రంగులు పై నుంచి కిందికి వరుసగా
☐ అక్షరాలు, అంకెలు ఉంటే అవి. సందేహం ఉన్న అక్షరం పక్కన ప్రశ్న గుర్తు
☐ రెండో కాలు కనిపించిందా లేదా

పక్షి ఒంటికాలి మీద నిద్రపోతుంటే రెండో కాలు కోసం దాన్ని లేపకుండా, నీరు తగ్గి అది మేతకు దిగే వరకు ఆగాలి. అప్పటికీ కనిపించకపోతే "చూడలేదు" అని రాసి పంపాలి. ఊహించి రాసిన రంగు వేరే పక్షి చరిత్రలోకి చేరిపోతుంది.